పాత సెస్నాకు కొత్త ప్యానెల్ బిగించే ముందు ఇంజిన్ సంగతి తేల్చుకోండి

తిరుపతి, చిత్తూరు వైపు నలుగురైదుగురు కలిసి పాత సెస్నా చిన్న విమానం కొందామనో, ఉన్నదానికి హంగులు చేయిద్దామనో అనుకుంటున్న వాళ్లు ఈమధ్య బాగానే ఫోన్ చేస్తున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నా. మేం విమానాన్ని రిపేరు షాపుకి ఇచ్చింది ప్యానెల్ కోసం, అంటే పైలట్ ముందుండే గేజుల పలక మార్పించడానికి. చేతికి వచ్చింది ఇంజిన్ పోయిన విమానం.

మాది 1978 నాటి సెస్నా 172ఎన్. వాటాదారుల్లో ఒకాయనకు చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, ఒకాయనకు గ్రానైట్ వ్యాపారం, ఒకాయన డాక్టరు, తర్వాత నేను. విమానం బాగానే ఎగిరేది. గుండ్రటి గేజులు పాతబడ్డాయి, రేడియో గరగరమంటోంది, అంతే. షాపాయన వచ్చి చూసి, "అన్నా, కొత్త విమానమంటే కోట్లు. దీనికే రెండు స్క్రీన్లు, ఒక జీపీఎస్ పెడితే కొత్తదానికి ఏం తీసిపోదు. బ్రహ్మోత్సవాల్లోపు ఎగరేసుకుని పోండి" అన్నాడు. అడ్వాన్స్ తీసుకున్న మర్నాడే పాత ప్యానెల్ ఊడబీకేశాడు. స్క్రీన్లకు ఆర్డర్ పెట్టింది మాత్రం ఆ తర్వాతెప్పుడో. బ్రహ్మోత్సవాలు అయిపోయాయి, సంక్రాంతి పోయింది, ఉగాది కూడా పోయింది. ఆ వానాకాలమంతా సముద్రపు గాలి తగిలే హ్యాంగర్‌లో విమానం కదలకుండా నిలబడింది.

మా విమానానిది లైకమింగ్ కంపెనీ ఇంజిన్. వాటిలో వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్, ప్రొపెల్లర్‌ని తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. ఇంజిన్ ఆగాక ఆయిల్ మెల్లగా కిందికి జారిపోతుంది, పైనున్న కామ్ ఆరిపోతుంది. తేమ పట్టి తుప్పు మొదలైతే, మళ్లీ ఇంజిన్ తిప్పినప్పుడు సరిగ్గా అక్కడే లోహం పెచ్చులు లేస్తుంది. మా దాంట్లో ఉన్నది ఓ-320-హెచ్2ఏడీ, 1977 నుంచి 1980 దాకా 172ఎన్‌కి వేసిన 160 హార్స్‌పవర్ ఇంజిన్. కామ్, దాని మీద ఆని కదిలే టాపెట్లు అరిగిపోతాయని దీనికి మొదటి నుంచీ చెడ్డపేరు. ఆయిల్‌లో ఎల్‌డబ్ల్యూ-16702 అనే మందు కలిపి తీరాలని కంపెనీయే చెప్పిందంటే చూసుకోండి.  

30 రోజుల్లో ఒక్కసారైనా, ఆయిల్ వేడి 165 నుంచి 200 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య నిలబడేలా, కనీసం గంటసేపు ఆపకుండా ఇంజిన్ పనిచేయాలని లైకమింగ్ చెబుతుంది. అది కుదరదంటే తుప్పు పట్టనివ్వని ప్రత్యేకమైన ఆయిల్ పోసి, స్పార్క్ ప్లగ్గులు తీసి, వాటి చోట తేమ పీల్చే డెసికెంట్ ప్లగ్గులు బిగించి పెట్టాలి. ఖర్చు పెద్దదేం కాదు. మా షాపాయన అది చేయకపోగా, అప్పుడప్పుడూ నేలమీదే స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేసి, "చూడన్నా, ఎంత స్మూత్‌గా ఉండాదో" అని వాట్సాప్‌లో వీడియోలు పంపేవాడు. అలా చేస్తే ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, లోపల పుట్టిన తేమ లోపలే ఉండిపోతుంది. ఊరికే వదిలేసినా అంతకంటే నయం.

విమానం వచ్చాక కొద్దిగా ఎగిరి, మా ఏఎంఈ (లైసెన్సున్న విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు) ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే మడతల్లో మెరిసే లోహపు రవ్వలు. అయస్కాంతం పెడితే అతుక్కున్నాయి. ఈ ఇంజిన్‌కి ఉన్న ఒక్క సుఖం, క్రాంక్‌కేస్, అంటే ఇంజిన్ బయటి గూడు, విప్పకుండానే టాపెట్లు బయటికి తీసి చూడొచ్చు. తీశాడు. ముఖాలు గుంటలు పడి ఉన్నాయి, కామ్ కూడా అరిగిపోయింది. షాపుని అడిగితే, "మీరిచ్చింది ప్యానెల్ పనికే కదా, ఇంజిన్ మా పని కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. వర్క్ ఆర్డర్ తిరగేస్తే నిజంగానే అందులో ఇంజిన్ మాటే లేదు. ఆ వర్క్ ఆర్డర్ రాసింది ఆయనే.

కాగితాల సంగతి ఇంకో తలనొప్పి. ఎస్‌టీసీ (విమానంలో చేసే మార్పుకి అనుమతి) పత్రాలు, కొత్త వైరింగ్ డ్రాయింగులు, ఫ్లైట్ మాన్యువల్‌కి చేర్చాల్సిన పేజీలు, మళ్లీ తూకం వేసిన వెయిట్ అండ్ బ్యాలెన్స్ రిపోర్టు, ఇవన్నీ చివరి బిల్లు కట్టేదాకా ఆయన దగ్గరే. అవి లేకుండా ఏఆర్‌సీ, అంటే విమానం ఎగరడానికి తగినట్టు ఉందని ఇచ్చే సర్టిఫికెట్, ముందుకు కదలదు. చివరి బిల్లేమో మొదటి ఎస్టిమేట్‌కి ఎక్కడా పొంతన లేదు. ఎస్టిమేట్‌లో ఉన్నది పెట్టెల (స్క్రీన్లు, జీపీఎస్ లాంటి పరికరాల) ధర మాత్రమే. వైర్లు, యాంటెనాలు, కూలి అన్నీ తర్వాత పుట్టుకొచ్చాయి.

కాబట్టి బాగుచేయించాలా, మార్చేయాలా అన్న లెక్క ప్యానెల్ దగ్గర మొదలుపెట్టకండి. కప్పు కారే ఇంటికి గ్రానైట్ వేయించినట్టు ఉంటుంది. ముందు ఇంజిన్ లాగ్‌బుక్ చూడండి. గంటలు తక్కువే అని మురిసిపోవద్దు. ఓవర్‌హాల్‌కి (ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేసి మళ్లీ కూర్చడానికి) లైకమింగ్ పెట్టిన హద్దు 2000 గంటలు, లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. ఓవర్‌హాల్ అయి పదిహేనేళ్లై, తిరిగింది నాలుగొందల గంటలే అని ఎవరైనా గొప్పగా చెబితే నేను దాన్ని ఎగరకుండా మూలపడ్డ ఇంజిన్ అనే అంటాను. తర్వాత స్పార్ (రెక్క లోపలి దూలం), రెక్క కీళ్ల దగ్గర తుప్పు పట్టిందేమో చూడండి. పాత విమానాలకు సెస్నా ఇచ్చిన సిడ్ (వయసు పైబడ్డ విమానాలకు అదనపు తనిఖీల పత్రం) తనిఖీలు నిజంగా చేశారా, సంతకాలే పెట్టారా అన్నది షాపుతో సంబంధం లేని ఏఎంఈతో చూపించండి. ఈ రెండూ బాగుంటేనే స్క్రీన్ల మాట. అప్పుడు కూడా అవసరమైనంతే. ప్యానెల్ మీద పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు పూర్తిగా తిరిగిరాదు.

ఇంజిన్ చివరికొచ్చి ఉంటే, నా మటుకు నేను బాగుచేయించను. ఇంకొకరు డబ్బు పోసి పనంతా చేయించి పెట్టుకున్న విమానాన్ని, ఇక్కడే వీటీ (భారతీయ) రిజిస్ట్రేషన్ ఉన్నదాన్ని వెతుక్కుంటాను. సెస్నా 172 తయారీ 1986లో ఆపి 1996లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ తర్వాతవాటిలో 172ఎస్‌కి ఐఓ-360-ఎల్2ఏ ఇంజిన్, 180 హార్స్‌పవర్. జీ1000 (గార్మిన్ కంపెనీ స్క్రీన్ల ప్యానెల్) ఉన్నది దొరికితే సంతోషమే గానీ, అదంతా ఒకే వ్యవస్థ, ఒక్కో పెట్టెనీ మనకు నచ్చినట్టు మార్చుకోలేం. బయటి దేశం నుంచి తెప్పిస్తే దిగుమతికి వయసు నిబంధన ఉంది. 2021 జులై 1 తర్వాత ఇక్కడ రిజిస్టర్ చేసే విమానాల్లో గగన్ (జీపీఎస్‌ని మరింత కచ్చితం చేసే భారతీయ ఉపగ్రహ వ్యవస్థ) పరికరం ఉండాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశం కూడా ఇచ్చింది. మీరు చూసిన విమానానికి అవి ఎలా వర్తిస్తాయో అడ్వాన్స్ ఇవ్వకముందే రాతలో తెప్పించుకోండి.

ఎలాగూ షాపుకే ఇస్తామంటే, పెట్టెలన్నీ షాపుకి చేరాయని కళ్లారా చూశాకే విమానం పంపండి. నెల దాటితే ఇంజిన్ ప్రిజర్వేషన్ (తుప్పు పట్టకుండా కాపాడటం) షాపు బాధ్యత అని వర్క్ ఆర్డర్‌లో రాయించండి. చివరి వాయిదా, కాగితాలు ఒకే రోజు చేతులు మారాలి. పంపే ముందు, వచ్చాక ఫిల్టర్ కోసి ఫొటోలు తీసి పెట్టుకోండి. మా దగ్గర ఆ రెండు ఫొటోలూ ఉన్నాయి కాబట్టే లాయర్ నోటీసు పంపగలిగాం. అది తేలేదాకా షాపు పేరు రాయను. ఫలానా షాపేనా అని ఇన్‌బాక్స్‌లో అడగొద్దు. మేం రాయించుకోవాల్సిన షరతులతో మా లాయర్ తయారుచేసిన వర్క్ ఆర్డర్ నమూనా ఉంది, కావాలన్నవాళ్లకు అది పంపిస్తా.