పణజీ ఫొంటైన్యాస్: రంగు చూసి గది తీసుకోకండి

గోవా రాజధాని పణజీలోని ఫొంటైన్యాస్ పేటలో గది, రాత్రికి 4,200 రూపాయలు. బోర్డు మీద "రెండు వందల ఏళ్ల పోర్చుగీసు ఇల్లు" అని ఉంది. లోపల మంచం తలవైపు గోడ నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా ఉబ్బిపోయింది. గోరు తగిలితే చాలు, పెయింటు అప్పడంలా ఊడొస్తోంది. దాని వెనక తెల్లటి ఉప్పు పొడి. అలమర తెరిస్తే ముక్కిపోయిన వాసన. ఉబ్బసం ఉన్న మా వదినగారు తెల్లవార్లూ వరండాలో కుర్చీలోనే కూర్చున్నారు. గది మార్చమంటే, "పాత ఇళ్లన్నీ ఇంతేనండీ" అన్నారు ఇంటివాళ్లు. ఆ మాట అబద్ధం. ఇది రాస్తున్నది అందుకే.

ఫొంటైన్యాస్ పేట ఆల్టీన్యో కొండకూ ఔరెం కాలువకూ మధ్య ఇరుకుగా పరుచుకుని ఉంటుంది. ఊటల వల్లే ఆ పేరు వచ్చింది. కొండ కింద ఫీనిక్స్ ఊట ఇప్పటికీ ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఇదంతా కొబ్బరితోట. అప్పటి రాజధాని పాత గోవాలో జబ్బులు ప్రబలడంతో 1759లో పోర్చుగీసు వైస్రాయ్ పణజీకి మారాడు. 1843లో పణజీ అధికారికంగా రాజధాని అయ్యింది. ఉద్యోగులకు ఇళ్లు కావలసి వచ్చి ఈ కొండవాలు నిండింది. పైన కొండ ఊటలు, పక్కన కాలువ, కాబట్టి ఇక్కడ నేలలో చెమ్మ ఎప్పుడూ ఉండేదే. పైగా ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన.

గోడలు ఎర్రటి లాటరైట్ రాయి. రాయి నిండా తేనెపట్టులాగా కన్నాలు, అందుకే నేలలోని నీటిని దీపపు వత్తిలా పైకి పీలుస్తుంది. పాత మేస్త్రీలకు ఆ సంగతి తెలుసు. సున్నంతో పూత పూసి, పైన రంగు కలిపిన సున్నపు వెల్ల వేశారు. ఎక్కిన చెమ్మ ఆ పూతలోంచి ఆరిపోయేది. వానాకాలం వెళ్లగానే ఏటా మళ్లీ వెల్ల వేయాలని పోర్చుగీసుల కాలంలో నియమం ఉండేది. తెలుపు చర్చిలకే వదిలేసి, ఇళ్లకు పసుపు, నీలం, కావి వేసేవారని చెబుతారు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, ఊడిన సున్నం గీకేసి సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ కొడుతున్నారు. చెమ్మకు బయటికి దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది. నీటితోపాటు వచ్చిన ఉప్పు పెయింటు వెనక గడ్డకట్టి దాన్ని తోసేస్తుంది. మర్నాడే ఇంకో కోటు వేసినా రెండు వానల్లో మళ్లీ అదే కథ. బాగు చేయాలంటే చెమ్మ గీతకు ఇంకో అడుగు పైదాకా సిమెంటు కొట్టేయాలి, ఒక ఎండాకాలం పూర్తిగా ఆరనివ్వాలి, ఉప్పును నీళ్లతో కడగకుండా పొడి బ్రష్‌తో దులపాలి. తర్వాత సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లతో పూత. అది గట్టిపడ్డాక మజ్జిగంత పల్చటి వెల్ల, రోజుకో కోటు చొప్పున మూడు నాలుగు కోట్లు, ప్రతిసారీ గోడ తడిపి. ఖర్చుకంటే ఓపికే ఎక్కువ కావాలి.

గది చూసేటప్పుడు మంచం వెనక, అలమర వెనక గోడ కింది మూడడుగులు చేత్తో తడమండి. వేలి కణుపుతో తట్టినప్పుడు బోలుగా మోగితే పూత లేచిపోయినట్టే. ఫోన్లో బుక్ చేస్తుంటే గోడ కింది భాగం ఫొటో అడగండి, పంపకపోతే వదిలేయండి. కిటికీ తెరుచుకుంటుందా అనేది తప్పకుండా అడగాలి. ఏసీ కోసం మేకులు కొట్టి మూసేసిన గదుల్లో బూజు ఖాయం. మేడ మీది గదులు పొడిగా ఉంటాయి, కాకపోతే చెక్క నేల కిర్రుమంటుంది, మధ్యాహ్నం పెంకుల వేడి దిగుతుంది.

ఇంటి వయసు గురించి కూడా నమ్మేయకండి. పైకప్పు మీద బల్లపరుపు మంగళూరు పెంకులుంటే (మన ఊళ్లలో బెంగళూరు పెంకులంటారు) ఆ కప్పు 1865 తర్వాతిదే. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు ఆ పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది ఆ ఏడాదే. అంతకుముందు గూనపెంకులే. గుమ్మం పక్కన నీలం తెలుపు పలకల మీద రాసిన ఇళ్ల పేర్లు చాలావరకు ఈ మధ్య పెట్టినవే. అవి చూసి వయసు లెక్కేయడం తప్పు.

నిజంగా పాతదేదో చూడాలంటే ఆల్చిప్ప కిటికీ చూడండి. అరచేతిలో సగం ఉండే పల్చటి చిప్పలు, నలుచదరంగా కోసి, సన్నటి చెక్క గాడుల్లో ఒకదాని మీద ఒకటి అంచు కప్పేలా దూర్చి ఉంటాయి. ఎండ అందులోంచి పాలరంగులో పడుతుంది, వేడి తగ్గుతుంది. పలక జారిపోతే పక్కది లాగి కొత్తది దూర్చేయొచ్చు, మేకు అక్కర్లేదు. ఇదే జాతి చిప్ప మన కాకినాడ తీరంలోనూ దొరుకుతుంది. అక్కడ కాల్చి సున్నం చేసేవారు, ఇక్కడ కిటికీకి అద్దం చేశారు.

నడిచి చూపించే గైడుకు మనిషికి 800 ఇచ్చాం. ఈ పేటలోని 31 జనవరి వీధికి ఆ పేరు ఎందుకొచ్చిందని అడగండి. పోర్చుగల్ స్పెయిన్ నుంచి విడిపోయిన రోజు అంటే ఆయనకు తెలియదన్నమాట, అది 1640 డిసెంబర్ 1. ఈ పేరు 1891లో పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో జరిగిన రిపబ్లికన్ తిరుగుబాటుది. సెయింట్ సెబాస్టియన్ చాపెల్లో (చిన్న చర్చి) శిలువ మీద క్రీస్తు తలెత్తి, కళ్లు తెరిచి ఉంటాడు. ఆ శిలువ ఒకప్పుడు పాత గోవాలో ఇన్‌క్విజిషన్ (చర్చి మత విచారణ కోర్టు) భవనంలో ఉండేది.

భోజనం పక్కనే ఉన్న మాలా పేట వైపు చిన్న హోటల్లో, చేపల పులుసు, సోల్ కడితో (కోకం, కొబ్బరిపాల పానీయం) 180. మా వదినగారు కడి రెండోసారి అడిగి తాగారు. కదంబ బస్టాండు (గోవా ప్రభుత్వ బస్సులది) నుంచి కాలువ వంతెన దాటి పదిహేను నిమిషాల నడక, టాక్సీ దండగ. ఉదయం తొమ్మిదిలోపే తిరగండి. ఇవి మనుషులుంటున్న ఇళ్లు, గుమ్మం ముందు అరుగుల మీద ఫొటోకు కూర్చోవద్దు.

రెండో రోజు మారిన ఇల్లు 3,600. గోడకు ఆనుకుంటే చొక్కాకు పసుపు పొడి అంటుకుంది, అంటే అది సున్నపు వెల్లే. అలాంటి గది దొరికితే తీసుకోండి, పెట్టెలు మాత్రం గోడకు జానెడు దూరంలో పెట్టండి.