ఏడాది డబ్బు ఒకేసారి కట్టాలా, నెలనెలా కట్టుకోవాలా? చవక ఇంటర్నెట్ ఫోన్‌కి ఏది మేలు

శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు చాలా ఇళ్ళలో ఎవరో ఒకరు గల్ఫ్‌లో వెల్డరుగానో, ఓడల మీద ఫిట్టరుగానో, హైదరాబాద్‌లో కాంక్రీటు పని మీదో ఉంటారు. ఫోను ఖర్చు ఇక్కడ కూరగాయల ఖర్చులాగే ప్రతినెలా తప్పనిది. అందుకే చవకగా మాట్లాడించే ఇంటర్నెట్ ఫోన్ ఆఫర్లకు ఈ ఊళ్ళలో గిరాకీ. యాప్‌లో నంబరు ఇచ్చేవాళ్ళు కొందరు, నెట్ కేబులుతో పాటు ఇంటి ఫోను కలిపి ఇచ్చేవాళ్ళు కొందరు, విదేశాలకు మాట్లాడుకోవడానికి ముందుగా బ్యాలెన్సు వేయించేవాళ్ళు ఇంకొందరు. అందరూ చివరికి ఒకే మాట దగ్గరికి వస్తారు: ఏడాది డబ్బు ఇప్పుడే కట్టేస్తే చాలా తగ్గుతుందని. మా వీధిలో పెద్దవాళ్ళు నన్ను అడిగేదీ అదే. "ఒకేసారి కట్టీమంటన్నాడు బాబూ, కట్టీమంటావా?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇంట్లో అసలు ఫోనుకైతే నెలనెలా కట్టుకోవడమే మేలు. రెండో లైనుగా, పోయినా ఇబ్బంది లేనిదానికైతే ఏడాది కట్టొచ్చు, అదీ కొన్ని చూసుకున్నాకే.

మొదట లెక్క. నెలకు 200 రూపాయలు, ఏడాదికి ఒకేసారి అయితే 1,600 అన్నాడనుకుందాం. నెలనెలా కడితే ఏడాదికి 2,400 అవుతుంది కాబట్టి 800 మిగిలినట్టు కనిపిస్తుంది. ఆ 1,600ని 200తో భాగించండి. ఎనిమిది నెలలు. అంటే ఆ కంపెనీ ఎనిమిది నెలలు సక్రమంగా నడిస్తేనే మీ డబ్బుకు డబ్బు సరిపోతుంది. ఆ మిగులంతా తొమ్మిదో నెల నుంచి మొదలవుతుంది. ఆరో నెల చివర మూతపడితే మీరు వాడుకున్నది 1,200 విలువే, మిగిలిన 400 పోయినట్టు. ఏ ఆఫరుకైనా ఈ ఒక్క భాగాహారం చేసి చూడండి. జవాబు పదో పదకొండో నెలలు వస్తే అసలు ఆలోచించక్కర్లేదు. మిగిలే నాలుగు డబ్బుల కోసం ఏడాది పాటు కంపెనీ మీద నమ్మకం పెట్టుకోవాలి. ఆరు నెలల లోపు వస్తే కూర్చుని మాట్లాడుకోవచ్చు. కానీ అంత తగ్గింపు ఎందుకు ఇస్తున్నాడన్న అనుమానం అప్పుడే రావాలి. ఏడాది డబ్బు ముందే పట్టుకున్న కంపెనీ మీ దగ్గర వడ్డీ లేకుండా, తాకట్టు లేకుండా అప్పు తీసుకున్నట్టే. బ్యాంకు అప్పు దొరకని కంపెనీకి ఈ దారి తేలిక.

ఈ భయం ఊహ కాదు. అమెరికాలో సన్‌రాకెట్ అనే ఇంటర్నెట్ ఫోన్ కంపెనీ ఏడాదికి 199 డాలర్లు ముందే కడితే చాలు, నెల బిల్లే ఉండదని అమ్మింది. అప్పట్లో అక్కడ ఈ రంగంలో పెద్దదైన వోనేజ్ నెలకు 24.99 డాలర్లు తీసుకునేది. లెక్క వేస్తే మళ్ళీ ఎనిమిది నెలలే. సుమారు రెండు లక్షల మంది చేరారు. 2007 జులైలో కంపెనీ మూతపడింది. కస్టమర్ సర్వీసుకు ఫోన్ చేస్తే ఇక కాల్స్ తీసుకోవడం లేదన్న రికార్డింగు మాత్రం వినిపించింది. కొద్ది రోజుల క్రితమే ఏడాది కట్టినవాడూ, పదకొండు నెలలు వాడుకున్నవాడూ ఒకే గాటన పడ్డారు. తర్వాత వేరే కంపెనీలు ఆ కస్టమర్లను చేర్చుకోవడానికి ముందుకొచ్చాయి. అయినా డబ్బుతో పాటు, ఏళ్ళ తరబడి వాడుతున్న తమ నంబరు చేతికొస్తుందో లేదోనన్న కంగారూ జనానికి పట్టుకుంది.

నంబరు సంగతే మనవాళ్ళు తక్కువగా పట్టించుకుంటారు. 1,600 పోతే బాధపడి ఊరుకుంటాం. నంబరు పోతే దుబాయ్‌లో ఉన్న కొడుక్కి, హైదరాబాద్‌లో ఉన్న కూతురికి, గ్యాస్ బుకింగుకి, బ్యాంకుకి, ఆధార్‌కి అన్నిటికీ కొత్త నంబరు చెప్పుకుంటూ తిరగాలి. మన దేశంలో నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది, కానీ అది మొబైల్ నంబర్లకే. కేబులు మీద ఇచ్చే ఇంటి ఫోను నంబరుకి ఆ సౌకర్యం లేదు. కంపెనీ పోతే నంబరూ దానితోనే పోతుంది. కాబట్టి బ్యాంకుకి, ఆధార్‌కి ఇచ్చిన నంబరు ఎప్పుడూ మామూలు సిమ్ మీదే ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

"పెద్ద కంపెనీ కదా, పోతుందా?" అని అడుగుతారు. పోతాయి. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివరలో మామూలు కాల్స్ ఆపేసింది. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలా పిటిషన్ వేసింది. ఇంటర్నెట్ మీద కాల్స్ చేసుకునే స్కైప్ యాప్ మైక్రోసాఫ్ట్ చేతిలో ఉండి కూడా 2025 మే 5న ఆగిపోయింది. అయితే మూతపడే తీరులో తేడా ఉంటుంది, కట్టేముందు చూడాల్సింది దాన్ని. స్కైప్ ముందు కొత్త బ్యాలెన్సు అమ్మడం ఆపింది, తర్వాత తేదీ చెప్పింది, మిగిలిన బ్యాలెన్సు వాడుకునే దారి చూపింది. మొబైల్ కంపెనీ పోతే నంబరు పోర్టు చేసుకునే, అంటే అదే నంబరుతో వేరే కంపెనీకి మారే వీలుంటుంది, లైసెన్సు నిబంధనలుంటాయి, పైన చూడడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఉంటుంది. సన్‌రాకెట్ తలుపు ఒక్కసారిగా మూసింది. చిన్న కంపెనీల ఏడాది ఆఫర్లలో మనం భయపడాల్సింది ఈ మూడో రకానికి.

ప్రభుత్వ సంస్థ కూడా ఏడాది పద్ధతిలోనే అమ్మిన సందర్భం ఉంది. 2018లో బీఎస్ఎన్ఎల్ వింగ్స్ అని సిమ్ లేకుండా యాప్‌లోనే పది అంకెల నంబరు ఇచ్చింది. ఏడాదికి 1,099 రూపాయలు, పైన జీఎస్టీ. అక్కడ అమ్మేవాడు లైసెన్సున్న సంస్థ, ఆఫీసు మన జిల్లాలోనే ఉంది, అడగడానికి మనిషి ఉన్నాడు. అంచేత ఏడాది కట్టడమే తప్పని నేను అనడం లేదు. ఎవరికి కడుతున్నామన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న ఊళ్ళో ఎందుకు తప్పుదారి పడుతుందంటే, డబ్బు తీసుకునేవాడు మనకు బాగా తెలిసినవాడు. కేబులు అబ్బాయి చిన్నప్పటి నుంచి మన కళ్ళ ముందు పెరిగినవాడు, మోసం చేయడు. నిజమే. కానీ ఆ డబ్బు అతని దగ్గర ఉండదు. పైనున్న కంపెనీకి వెళ్తుంది. కంపెనీ పోతే అతనూ మనతో పాటే మునుగుతాడు. అతని మంచితనం రసీదు కాదు. రసీదు ఎవరి పేరున ఇస్తున్నాడో అడగండి. కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్న తేదీలు ఉండాలి. నోట్‌బుక్కులో గీతకి, చేతిరాత చీటీకి ఏడాది డబ్బు ఇవ్వకండి. నెల డబ్బు ఇచ్చినా ఫరవాలేదు.

ఏడాది కట్టడంలో నిజమైన మేలు ఒకటుంది, దాన్ని తీసిపారేయలేను. అమ్మా నాన్నా ఇద్దరే ఊళ్ళో ఉంటారు. పిల్లలు దూరం. రీచార్జి అయిపోయిన సంగతి వాళ్ళకు తెలియదు, పిల్లలకు గుర్తుండదు. ఆదివారం కొడుకు ఫోన్ చేస్తే కలవదు, అప్పుడు పక్కింటివాళ్ళ ద్వారా తెలుస్తుంది. ఒకసారి కట్టేస్తే ఏడాది నిశ్చింత అన్న మాటకు విలువ ఉంది. కానీ ఆ నిశ్చింతకు వేరే దారి వచ్చింది. యూపీఐలో ఆటోపే పెట్టుకుంటే నెలనెలా దానంతటదే కట్టిపోతుంది, డబ్బు తీసేముందు మెసేజ్ వస్తుంది, సర్వీసు బాగోకపోతే ఆటోపే ఆపేయొచ్చు. పిల్లల ఫోన్లో పెట్టుకుంటే ఊళ్ళో పెద్దవాళ్ళు ఏమీ చేయక్కర్లేదు.

ఇంకో ప్రత్యామ్నాయం, మామూలు మొబైల్ మీదే ఏడాది ప్యాకు. 2024 డిసెంబరులో ట్రాయ్ నెట్ లేకుండా మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు కూడా అమ్మాలని చెప్పింది, అలాంటి ప్యాకుల గడువు 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచింది. బటన్ల ఫోను వాడే అమ్మమ్మకి నెట్ డబ్బు ఎందుకు? ఫోను ఎత్తి మాట్లాడడమే పని అయితే, చవక ఇంటర్నెట్ ఫోన్ కంటే నేను దీన్నే ముందు చూస్తాను. చిక్కు ఒకటే. మధ్యలో వేరే కంపెనీకి పోర్టు అయితే మిగిలిన రోజులు వదులుకోవాల్సిందే. మందస కొండల వైపూ, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసిన ఏజెన్సీ ఊళ్ళలోనూ ఏ కంపెనీ సిగ్నలు ఇంట్లోకి వస్తుందో ముందు ఒక నెల వాడి చూసి, ఆ తర్వాతే ఏడాది వేయించండి.

మన జిల్లాలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది తుపాను. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పాత రాగి తీగ ల్యాండ్‌లైనుకి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే తీగలో వచ్చేది, ఇంట్లో కరెంటు లేకపోయినా మోగేది. ఇంటర్నెట్ ఫోను అలా కాదు. ఇంట్లో పెట్టెకి కరెంటు కావాలి, దారిలో కేబులు తెగకూడదు, అవతల సర్వరు నడవాలి. పైగా ఊళ్ళలో నెట్ కేబులు చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదే పోతుంది. 2017 చివర్లో నెలకు 149 రూపాయలకి టీవీ, నెట్, ఫోను కలిపి మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ కూడా స్తంభాల మీద కేబులు లాగే ఊరూరికీ చేరింది. స్తంభం పడితే కరెంటూ ఫోనూ ఒకేసారి పోతాయి. 108కో 112కో ఫోన్ చేయాల్సిన రోజు సరిగ్గా అదే. యాప్ ఫోన్ల నుంచి అత్యవసర నంబర్లు కలుస్తాయన్న హామీ కూడా ఉండదు. స్కైప్ తమది మామూలు ఫోనుకు ప్రత్యామ్నాయం కాదని సూటిగానే చెప్పేది. ఏడాది కట్టేముందు అడగండి: అక్టోబరు, నవంబరుల్లో పది రోజులు లైను లేకపోతే ఆ పది రోజులూ కలుపుతారా? కలపరంటే నెలనెలా కట్టడానికి ఇదొక్కటీ చాలు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఇంకో ముప్పు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే వాడాలి. రూములో ఎవరో చవగ్గా ఏడాది కాలింగు బ్యాలెన్సు అమ్ముతుంటే అది అనుమతి లేని దొంగదారి కావచ్చు. ప్రభుత్వం ఆ దారి మూస్తే బ్యాలెన్సు అక్కడే ఆగిపోతుంది, తిరిగిమ్మని అడగడానికి కూడా ఉండదు. బ్లాకు దాటడానికి వీపీఎన్ (మనం ఎక్కడి నుంచి నెట్ వాడుతున్నామో దాచే యాప్) వాడితే జరిమానా జీతాలను మింగేస్తుంది. అక్కడ నెల కంటే ఎక్కువకి ముందు కట్టవద్దు తమ్ముడూ, జీతం వచ్చినప్పుడే వేసుకో.

ఇవన్నీ చూశాక కూడా ఏడాది కట్టాలనిపిస్తే, క్రెడిట్ కార్డు మీద కట్టండి. సర్వీసు ఆగితే బ్యాంకుకి ఫిర్యాదు చేసి ఆ మొత్తాన్ని వెనక్కి అడగొచ్చు. సన్‌రాకెట్ కస్టమర్లకూ ఆ దారి ఉండేది. నగదుకి, మామూలు యూపీఐకి ఆ అవకాశం దాదాపు లేదు. దివాలా కోర్టుకి వెళ్తే ముందు తాకట్టు ఉన్న బ్యాంకులు, ఉద్యోగుల జీతాలు, ఆ తర్వాతెప్పుడో మన వంతు.

ఇప్పటికే కట్టి లైను ఆగిపోయినవాళ్ళు వారం కూడా ఆలస్యం చేయకండి. కార్డు మీద కట్టి ఉంటే ముందు బ్యాంకుకి ఫోన్ చేయండి, దానికి గడువు ఉంటుంది. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి, ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. రసీదు, కట్టిన మెసేజ్, ఆఫరు కాగితం ఫొటో, లైను ఆగిన తేదీ ఒకచోట పెట్టుకోండి. ఆ నంబరు ఎక్కడెక్కడ ఇచ్చారో ఆ రోజే రాసుకుని, బ్యాంకుతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ మార్పించుకోండి.