కాంగ్ క్లాసిక్: కుక్కతో మనమూ ఆడాల్సిన రబ్బరు బొమ్మ

కాంగ్ క్లాసిక్ అనే ఎర్ర రబ్బరు బొమ్మను చాలామంది కుక్క అల్లరి చేయకుండా ఒకచోట కూర్చుంటుందనే కొంటారు. లోపల కాస్త తిండి కూరి, దాని ముందు పడేసి, తమ పనిలో పడిపోతారు. ఆ పనికి ఇది బాగానే ఉపయోగపడుతుంది. కానీ మా ల్యాబ్రడార్‌తో వాడుతున్న అనుభవం మీద చెబుతున్నాను, మనం కూడా ఆటలో ఉన్నప్పుడే దీని అసలు విలువ తెలుస్తుంది.

అమెరికాలోని కొలరాడోకు చెందిన జో మార్ఖమ్ పెంచిన ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకునేదట. అది ఫోక్స్‌వ్యాగన్ వ్యాను సస్పెన్షన్‌లోని ఒక రబ్బరు ముక్కను ఇష్టంగా నమలడం చూసి ఆయనకు ఈ బొమ్మ ఆలోచన వచ్చింది. 1976 నుంచీ కాంగ్ పేరు చెలామణిలో ఉంది. మూడు ఉండలను పెద్దది కిందికి, చిన్నది పైకి వచ్చేలా పేర్చినట్టుండే ఆకారం వల్ల, నేలకు తగిలాక ఇది ఎటు ఎగురుతుందో మనకూ తెలియదు, కుక్కకూ తెలియదు. దాని సంబరమంతా అక్కడే ఉంది, జాగ్రత్త పడవలసిందీ అక్కడే. గాల్లోకి ఎగిరి, మెలి తిరిగి దిగేటప్పుడు కీళ్ల మీద భారం పడుతుంది కాబట్టి, దీన్ని ఎత్తుగా విసరకుండా మట్టి మీదో గడ్డి మీదో నేలబారుగా దొర్లించడం మేలు. మన ఇళ్లలోని నున్నటి టైల్స్ మీద ఈ ఆట అసలు వద్దు.

బొమ్మ తెచ్చిన కుక్క నోట్లోంచి దాన్ని బలవంతంగా లాక్కోకండి. చేతిలో చిన్న తినుబండారం చూపి "ఇచ్చెయ్" అనండి, వదలగానే తినుబండారం ఇచ్చి, బొమ్మను మళ్లీ దొర్లించండి. మాది మొదట్లో దాన్ని నోట కరుచుకుని మంచం కిందికి దూరేది. ఇప్పుడు తనంత తానే తెచ్చి, నా పాదం మీద పెట్టి, తోక ఊపుతూ ముఖంలోకి చూస్తుంది. తన వస్తువు ఈ మనిషి చేతికి వెళితే తిరిగి వస్తుందన్న నమ్మకం కుదిరిన కుక్కకు, దాని దగ్గరున్న దేనికోసమైనా మనం చేయి చాచినప్పుడు గుర్రుమనవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

సైజు ఎంపికలో పొదుపు చూడకూడదు. పెద్ద సైజు సుమారు 13 నుంచి 30 కిలోల కుక్కలకు సరిపోతుంది. సందేహం ఉంటే పై సైజే తీసుకోవాలి, ఎందుకంటే వెనక దవడ పళ్లు దాటి గొంతు వైపు జారగల బొమ్మ ఏదైనా ప్రమాదమే. గట్టిగా నమిలేవాటికి నల్ల రంగుదీ, పాలపళ్ల కుక్కపిల్లలకు మెత్తటి రబ్బరుదీ వేరుగా దొరుకుతాయి. రెండు చివరలా రంధ్రాలు ఉండటం నాకు బాగా నచ్చింది: ఒకే రంధ్రం ఉన్న బొమ్మల్లో గాలి ఆడక నాలుక ఇరుక్కుపోయే అవకాశం ఉంది.

లోపల పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే వేసవిలో చల్లగా నాకుతూ కూర్చుంటుంది. పీనట్ బటర్ పెట్టేవారు డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) అని ఉందేమో తప్పక చదవాలి, అది కుక్కలకు ప్రాణాంతకం. ఉల్లిపాయ తగిలిన కూరలు, ద్రాక్ష, చాక్లెట్ కూడా పెట్టకూడదు. ఆట అయ్యాక వెంటనే కడగకపోతే గంటలో చీమలు బారులు తీరతాయి. పాలసీసాలు కడిగే బ్రష్ లోపలిదాకా వెళుతుంది.

ధర మామూలు బంతి కంటే చాలా ఎక్కువే, అయినా ఇవ్వదగినదే. ఎండ తగ్గాక, అరచేతి వెనక భాగం ఆనించి నేల వేడి చూసుకున్నాకే బయట ఆడించండి. కడుపునిండా తిన్న వెంటనే పరుగెత్తించవద్దు, పెద్ద జాతుల్లో కడుపు ఉబ్బి మెలి పడే ముప్పు ఉంది. రబ్బరు చీలినా, ముక్కలు ఊడుతున్నా ఇంకొన్నాళ్లు వాడదామనుకోకుండా ఆ రోజే తీసేసి కొత్తది కొనండి.