పాత రాతి మిద్దె లోపలంతా విప్పించినాం, పని చేసిన టీమ్ గురించి

బనగానపల్లె దగ్గర పల్లెలో మా జేజినాయన కట్టించిన రాతి మిద్దె మాది. రెండడుగుల మందం గోడలు, రాయికీ రాయికీ మధ్య మట్టే, పైకప్పు మీద చౌడు మట్టి. బాగు చేయించుకుని అందులోనే ఉందామని లోపలంతా విప్పడానికి నంద్యాల నుంచి ఒక టీమ్‌ని పిలిపించినాం, మేస్త్రితో కలిపి ఐదుమంది, తొమ్మిది రోజులు, 68 వేలకు మాట్లాడుకున్నాం.

అంతకుముందు చూసిపోయినాయన బ్రేకర్ మిషన్ పెట్టి రెండు రోజుల్లో లేపేస్తానన్నాడు. ఈ మేస్త్రి గోడకి చెయ్యి ఆనించి, సుత్తితో అక్కడక్కడా కొట్టి విని, "లోపలంతా మట్టి కదన్నా, బ్రేకర్ అదురుకు రాళ్లు వదులైపోతాయి, ఉలితోనే తీయాల" అన్నాడు. ఆ ఒక్క మాటకే పని ఇచ్చేసినా. ఇరవై ఏళ్ల కిందట చెమ్మ వస్తాందని కింద నాలుగడుగులు సిమెంటు పూయించినాం, అదే మేం చేసిన తప్పు, చెమ్మ బయటికి పోయే దారి లేక గోడలోనే నిలిచి పైపైకి ఎక్కింది. డొల్లగా మోగిన చోట ఉలి పెడితే పెచ్చు అట్టముక్క మాదిరి ఊడొచ్చింది, వెనక మట్టి ఇంకా తడిగా చేతికి అంటుకుంటాంది. పాత సున్నం గట్టిగా ఉన్నచోట మాత్రం ఉలి తాకనీలేదు.

మిద్దె పైకప్పు విప్పిన తీరు ఇంకా నచ్చింది. ముందు దూలాల కింద సర్వి కట్టెలు నిలబెట్టి, చౌడు ఒకే పక్క తోడకుండా రెండు పక్కలా సమానంగా తీసుకుంటూ వచ్చి, బరువంతా దిగినాకే దంతెలు (దూలాల మీద పరిచిన అడ్డకట్టెలు) ముట్టుకున్నారు, చెదలు తిన్నవి ఒక పక్క బాగున్నవి ఒక పక్క పేర్చినారు, గవాచి (వెలుతురు కోసం పైకప్పులో విడిచిన కంత) రాయి తాళ్లు కట్టి దించినారు. ద్వారబంధం మీద పెయింట్ గీకితే కింద టేకు, దాని మీద పూల చెక్కడం బయటపడింది, మా అమ్మకి కళ్లనీళ్లు ఆగలేదు.

బాధపెట్టింది ఒకటుంది. నేల నాపబండలకి నంబర్లు వేసి తీయమని ముందే చెప్పినా, మేస్త్రి రాని రోజు కుర్రోళ్లు గడ్డపారతో లేపేసి పదకొండు బండల మూలలు విరగ్గొట్టినారు. మూడు తరాలు నడిచి అరిగిన నునుపు అది, బేతంచెర్ల నుంచి కొత్త బండ తెచ్చినా రాదు. మేస్త్రి తప్పొప్పుకుని 4 వేలు తగ్గించినాడు గానీ బండలైతే పోయినట్టే.

చెత్త 14 ట్రాక్టర్ ట్రిప్పులు అయింది, బాడుగ మనదే, ముందే తేల్చుకోండి. గోడల మట్టి మాత్రం పారబోయొద్దు, జల్లించి నానబెడితే మళ్లీ పనికొస్తుంది. రాళ్ల సందుల్లో తేళ్లుంటాయి, పిల్లల్ని రానీయొద్దు.

5కి 4 స్టార్లు. వీళ్లని పిలిస్తే బండల పని మేస్త్రి దగ్గరున్న రోజే పెట్టించుకోండి.