టార్క్ రెంచ్: స్కేలు 42 నుంచి, నాకు కావలసింది 35

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో టార్క్ రెంచ్, అంటే బోల్టుని ఎంత బలంతో బిగించాలో ముందే సెట్ చేసుకునే పానా, కొని ఎనిమిది నెలలైంది. అది ఎలా ఉందో రాద్దామని కూర్చున్నాను గానీ, ఎందుకు కొనాల్సి వచ్చిందో ముందు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మాది 2012 వ్యాగన్ఆర్. మల్కాజ్‌గిరిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది. వీడియోలు చూసి ఇంజన్ ఆయిల్ నేనే మార్చడం మొదలుపెట్టాను. మొదటిసారి పాత ఆయిల్ దించేసి, అది దిగే రంధ్రాన్ని మూసే డ్రెయిన్ బోల్టు బిగిస్తుంటే, ఎక్కడ కారుతుందోనని ఒకటే టెన్షన్. పానాకి రెండడుగుల జీఐ పైపు తొడిగి లాగాను. బిగిసింది. ఇంకాస్త లాగాను. ఇంకా బిగిసింది. మూడోసారి లాగితే ఏ బరువూ లేకుండా హాయిగా తిరిగింది. చూడీలు, అంటే లోపలి మరలు, పోయాయన్నమాట.

మెకానిక్ భాయ్ వచ్చి, కింద పడుకుని టార్చి వేసి చూసి, "ఎవరు టైట్ చేశారు సార్ దీన్ని?" అన్నాడు. "ఇంతకుముందు ఎక్కడో సర్వీసుకి ఇచ్చాం లెండి" అన్నాను. జీఐ పైపు నా చెప్పుల పక్కనే పడి ఉంది. అతను పైపు వంక చూశాడు, నా వంక చూశాడు, ఏమీ అనలేదు. ఓవర్‌సైజ్ బోల్టు వేస్తే మళ్లీ పోతుందని చాంబరే (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మార్చాడు. చాంబర్, ఆయిల్, కూలీ అన్నీ కలిపి ఐదు వేలు దాటింది. సర్వీసు ఖర్చు మిగుల్చుదామని చేసిన పని అది.

మాన్యువల్ తీసి చూస్తే ఆ బోల్టుకి కావలసింది 35 న్యూటన్ మీటర్లు. జానెడున్నర రాడ్డు చివర పది కేజీల బియ్యం సంచి వేలాడదీస్తే పడే బలం దాదాపు అంతే. నేను రెండడుగుల పైపు పట్టుకుని ఎంత లాగి ఉంటానో లెక్క వేయకపోవడమే మంచిది.

మరుసటి శనివారమే రాణీగంజ్ వెళ్లాను. కొట్టతను "తీన్ సూతా, చార్ సూతా?" అని అడిగాడు. గోటీ (నట్టుకి తొడిగే సాకెట్) తగిలించే చదరపు మొన కొలత అది. మూడు సూతులంటే మూడు బై ఎనిమిది అంగుళాలది, నాలుగంటే అర అంగుళం. రెండూ బల్ల మీద పెట్టాడు. చిన్నది బొమ్మలా ఉంది. పెద్దది మూరెడు పొడవు, కిలోన్నర బరువు, చేతిలో పట్టుకుంటే పని వచ్చినవాడిలా అనిపించింది. 2,600 ఇచ్చి పెద్దదే తెచ్చాను. బ్రాండ్ పేరు రాయడం లేదు, ఇదే ముక్క మీద రకరకాల స్టిక్కర్లు చూశాను.

ఇంటికొచ్చి పెట్టె తెరిచి, 35 దగ్గర పెడదామని స్కేలు చూస్తే మొదటి గీతే 42. 210 దాకా ఉంది, 35 మాత్రం లేదు. ఏ బోల్టు కోసం కొన్నానో దానికే పనికిరాదు! "స్కేలు చూడకుండా కొన్నారా?" అంది మా ఆవిడ. చూశాను, 210 చూశాను. అదే సంబరం.

సరే, వస్తువు గురించి. వీల్ నట్లకి మాత్రం బంగారం. మా కారుకి 85 కావాలి. రెంచ్ మీద గీతలు పద్నాలుగేసి చొప్పున ఉంటాయి: 42, 56, 70, 84. కాబట్టి 84 గీత దాకా తిప్పి, పిడి మీద ఇంకొక్క అంకె జరిపితే 85. కింద లాక్ బిగించాలి, లేకపోతే లాగుతుండగానే జరిగిపోతుంది. నట్లు ఎదురెదురుగా బిగించి, టైరు నేలకి ఆనాక ఈ రెంచ్‌తో చివరి పట్టు పట్టాలి. లెక్క సరిపోగానే లోపల 'టక్' అంటుంది, చేతికి చిన్న జారుడు తగులుతుంది. అక్కడితో ఆపేయాలి. నేను మొదటిసారి గుడి గంటలా ఏదో మోగుతుందని ఎదురుచూస్తూ టక్ దాటి లాగేశాను. టక్ అన్నాక రెంచ్ మనల్ని ఆపదు, మామూలు రాడ్డే.

ఇంకో విషయం. దీనితో నట్లు విప్పకూడదు. మా బావమరిది స్టెప్నీ మార్చడానికి ఇదే పట్టుకుని బయల్దేరితే చేతిలోంచి లాక్కున్నాను. పని అయ్యాక తిప్పి 42కి తెచ్చి పెట్టెలో పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగ్ నీరసిస్తుంది. నట్ల చూడీలకి గ్రీజు రాయకండి. జారుడు ఎక్కువై అదే 85కి నట్టు అవసరం కన్నా బాగా ఎక్కువ బిగుస్తుంది.

నెల తర్వాత సిగ్గు విడిచి మళ్లీ అదే కొట్టుకి పోయి చిన్నది కూడా కొన్నాను, 2,300. స్కేలు 20 నుంచి 110. అంటే డ్రెయిన్ బోల్టు 35, వీల్ నట్టు 85, రెండూ ఇందులోనే! వీల్ నట్టు 19 నంబరు గోటీ అర అంగుళం మొనకి తగిలేది కాబట్టి ఒక అడాప్టర్ కావాలి, అంతే. పైగా ఈ రెంచ్‌లు స్కేలు అడుగున అంత కచ్చితంగా ఉండవు. పై అంకెలో ఐదో వంతు దాటాకే వీటి మాట నమ్మాలి, 110లో ఐదో వంతు 22 కాబట్టి 35 దర్జాగా లోపలే ఉంది. మామూలు కార్లున్న మనలాంటివాళ్లకి ఈ చిన్నదొక్కటే చాలు. ముందే తెలిస్తే 2,600 మిగిలేవి.

రెండు రెంచ్‌లు ఉన్నాక కూడా పరువు పోయింది, అది వాటి తప్పు కాదు. రెండోసారి ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్ విప్పితే దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది. నేను చూడలేదు. కొత్త ఫిల్టర్‌ని దాని రింగుతో సహా పైనే బిగించేశాను. ఫిల్టర్‌కి రెంచ్ అక్కర్లేదు, రింగు ఆనాక చేత్తో ముప్పావు చుట్టు చాలు, అదీ శ్రద్ధగానే తిప్పాను. స్టార్ట్ చేశాను. పావు నిమిషం బాగానే ఉంది. ఈలోపు వాచ్‌మన్ "సార్, మీ బండి కింద ఏదో కారుతోంది, నీళ్లు కాదు" అని అరిచాడు. రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ ధారగా వస్తోంది. ఇంజన్ ఆపేసరికి పక్క ఫ్లాట్ అంకుల్ స్కూటర్ టైరు దాకా పారింది. అదే రోజు సాయంత్రం సెల్లార్‌లో అపార్ట్‌మెంట్ మీటింగు. వడ్రంగి షాపు నుంచి రెండు బస్తాల రంపపు పొట్టు తెచ్చి పోశాను. వచ్చినవాళ్లందరూ దాని చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. మెయింటెనెన్స్ గురించి మాట్లాడాల్సిన గంటలో అరగంట నా గురించే నడిచింది.

చిన్నదానికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అడాప్టర్ విడిగా కొనిపించినందుకు అర తగ్గించాను. పెద్దది అమ్మకానికి ఉంది, పెట్టెతో సహా 1,800. ఆరుసార్లు వాడాను, అన్నీ వీల్ నట్లకే. డ్రెయిన్ బోల్టు కోసమైతే అడగొద్దు.