జాగ్రత్త: ఆటోపైలట్ పెట్టించాక వెనక మూత తెరిచి చూడకుండా బిల్లు కట్టొద్దు

హ్యూస్టన్ దగ్గర క్లియర్ లేక్ మరీనాలో మాతోపాటు సెయిల్‌బోటు పెట్టుకున్న మనవాళ్లు ఇద్దరు ముగ్గురు "ఆటోపైలట్ పెట్టించావుగా, ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అందరికీ ఒకేసారి రాస్తున్నాను. చక్రం పట్టుకోకపోయినా బోటుని అనుకున్న దిశలో నడిపే ఆ పరికరం కొనొద్దని కాదు. పరికరం బాగానే ఉంది, దాంట్లో ఏ లోపమూ లేదు. మా ప్రాణాల మీదకి తెచ్చింది దాన్ని చుక్కానికి తగిలించిన పద్ధతి.

మాది 36 అడుగుల పాత ఫైబర్ బోటు. పైన చక్రం తిప్పితే లోపల స్టీల్ కేబుళ్లు కదులుతాయి. అవి క్వాడ్రంట్ అనే అర్ధచంద్రాకారపు అల్యూమినియం ముక్కని లాగితే, దానితోపాటు చుక్కాని షాఫ్ట్ తిరుగుతుంది. ఇలాంటి బోటుకి ఆటోపైలట్ రెండు రకాలుగా పెట్టొచ్చు. చక్రానికే చిన్న మోటారు బిగించే వీల్ పైలట్ ఒకటి, డెక్ కింద చుక్కానిని నేరుగా తోసే లీనియర్ డ్రైవ్ ఇంకొకటి. రేమరీన్ కంపెనీ ఈవీ-100 వీల్ పైలట్ 7,500 కిలోల బోటు వరకు పనికొస్తుంది. మా బోటు బ్రోషర్‌లో 6 టన్నుల చిల్లర. కానీ అది ఖాళీ బోటు బరువు. నీళ్లు, డీజిల్, లంగరు గొలుసు, బ్యాటరీలు, మనుషులు, సామాను కలిపి ఇంకో 20 శాతం వేసుకోవాలి. అప్పుడు 7,500కి దాదాపు ఆనుకుంటాం. అందుకని షాపువాళ్లు లీనియర్ డ్రైవ్ తీసుకోమన్నారు. ఆ సలహా సరైనదే, ఇప్పటికీ కాదనను.

ఇన్‌స్టాలేషన్ కూడా ప్యాకేజీలోనే అన్నారు. ఇద్దరొచ్చి సాయంత్రానికల్లా ముగించేశారు. చక్రం దగ్గర కొత్త స్క్రీన్ మెరిసిపోతోంది. మరీనాలో కట్టేసి ఉన్న బోటులోనే బటన్ నొక్కి, చుక్కాని ఎడమకీ కుడికీ తిరుగుతోందని చూపించారు. బిల్లు మొత్తం అప్పుడే కట్టించుకున్నారు. తర్వాత తెలిసింది, పైన పటారం లోన లొటారం అని.

గాల్వెస్టన్ బేలో తిరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, సగటు లోతు 2 మీటర్లే. మధ్యలో మాత్రం హ్యూస్టన్ షిప్ ఛానల్, అందులో పగలూ రాత్రీ ట్యాంకర్లు. రెడ్‌ఫిష్ ఐలాండ్ నుంచి కీమా వైపు వస్తున్నాం. ఆగ్నేయం గాలి 20 నాట్ల దాకా ఉంది, అలలు వెనక మూల నుంచి తోస్తున్నాయి. ఆటోపైలట్‌కి అసలు పరీక్ష అదే. ఒక్కో అలకీ చుక్కాని అటూ ఇటూ కొట్టుకోవాలి. వెనక నుంచి ఫట్‌మని చప్పుడు వచ్చింది. చక్రం బిగుసుకుపోయి, బోటు ఒక్కసారిగా గాలికి ఎదురు తిరిగింది.

స్టాండ్‌బై నొక్కితే క్లచ్ వదిలేసి చక్రం మన చేతికి రావాలి. రాలేదు. చక్రం పనిచేయనప్పుడు షాఫ్ట్‌కే నేరుగా తగిలించి తిప్పే ఎమర్జెన్సీ టిల్లర్ కర్ర పెట్టినా అంగుళం కదల్లేదు. తెరచాపలు దించేసి లంగరు వేశాం. లోతు తక్కువ కాబట్టి వెంటనే పట్టింది. 20 మీటర్ల లోపు బోట్లు, తెరచాప బోట్లు, ఇరుకు ఛానల్‌లో తప్ప వెళ్లలేని ఓడలకి అడ్డం రాకూడదని సముద్ర నియమాల్లో 9వది చెబుతుంది. మేము ఛానల్ అంచుకి దగ్గరగానే ఉన్నాం. మా ఆవిడ అత్యవసర రేడియో ఛానల్ వీహెచ్‌ఎఫ్ 16 వింటూ ట్యాంకర్లని చూస్తూ కూర్చుంది, నేను స్పానర్ పట్టుకుని వెనక మూత తెరిచి, చుక్కాని షాఫ్ట్ ఉండే అరలోకి దూరాను. డ్రైవ్‌ని పట్టి ఉంచాల్సిన బ్రాకెట్ ఊడిపోయి ఉంది. డ్రైవ్ మొత్తం అడ్డం తిరిగి క్వాడ్రంట్‌కీ బోటు గోడకీ మధ్య ఇరుక్కుంది. షాఫ్టే కదలనప్పుడు క్లచ్ వదిలి ఏం లాభం, టిల్లర్ పెట్టి ఏం లాభం? డ్రైవ్‌ని చుక్కానికి కలిపే పిన్ను పీకాక గానీ చుక్కాని తిరగలేదు.

తర్వాత బోట్లు తనిఖీ చేసే సర్వేయర్‌ని పిలిపించి చూపిస్తే ఒక్కొక్కటే బయటపడింది. బ్రాకెట్‌ని పల్చటి ప్లైవుడ్ గోడకి స్క్రూలతో కొట్టారు. వెనక బలానికి ప్లేటు లేదు, గోడకి ఇటు నుంచి అటు దాకా వెళ్లే బోల్టులూ లేవు. ఆ డ్రైవ్ వందల కిలోల బలంతో తోస్తుంది, వెంటనే అంతే బలంతో వెనక్కి లాగుతుంది, అదీ గంటల తరబడి. స్క్రూలు ఎంతసేపు ఆగుతాయి?

అంతకన్నా నాకు ఒళ్లు మండింది క్వాడ్రంట్ చూసి. పోత పోసిన ఆ అల్యూమినియానికి రంధ్రం పెట్టి డ్రైవ్ రాడ్డు దానికే తగిలించారు. క్వాడ్రంట్ చేసింది అంచు చుట్టూ కేబుల్ లాగడానికి. ఒకే చోట పొడిచినట్టు పడే బరువుకి అది పగలొచ్చు. రాడ్డుకి షాఫ్ట్ మీద విడిగా టిల్లర్ ఆర్మ్ అనే గట్టి లోహపు చెయ్యి బిగించాలి. దానివల్ల ఇంకో లాభం ఉంది: ఎప్పుడైనా స్టీరింగ్ కేబుల్ తెగితే ఆటోపైలటే మనల్ని ఒడ్డుకి తెస్తుంది. క్వాడ్రంట్‌కే తగిలిస్తే, అది విరిగిన రోజు చక్రమూ ఆటోపైలటూ రెండూ ఒకేసారి పోతాయి. ఆర్మ్ కొంటే కొన్ని వందల డాలర్లు. దాన్ని మిగుల్చుకోవడానికి ఇంత పని!

ఇంకోటి, చుక్కాని పూర్తిగా తిరిగి ఆగడానికి బోటులో గట్టి స్టాపులు ఉంటాయి. డ్రైవ్ రాడ్డు పూర్తిగా సాగకముందే చుక్కాని ఆ స్టాపుకి తగలాలి. మాదాంట్లో తిరగబడింది. చక్రం పూర్తిగా తిప్పినప్పుడల్లా డ్రైవే స్టాపులా దెబ్బలు తింది. కంపాస్ సెన్సర్ స్టీరియో స్పీకర్ పక్కనే ఉంది; స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి కనీసం మీటరు దూరం ఉండాలి. డ్రైవ్‌కి కరెంటిచ్చే వైరు కూడా సన్నది, దాంతో వోల్టేజి పడిపోతుంది. ముఖ్యమైన సర్క్యూట్లలో వోల్టేజి 3 శాతానికి మించి పడకూడదని అమెరికా బోట్ల భద్రతా ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ ప్రమాణం, అంటే 12 వోల్టులకి 0.36.

షాపువాళ్ల జవాబు: "వారంటీ పరికరానికే, మీ బోటు పాతది కాబట్టి గోడ ఆగలేదు." బిల్లు తీసి చూస్తే "ఇన్‌స్టాలేషన్ లేబర్" అని ఒక్క లైను. ఎక్కడ బిగించారు, ఏ ఆర్మ్ వాడారు, ఏమీ లేదు.

కాబట్టి మీరు ఆర్డర్ ఇచ్చే ముందే "రాడ్డు దేనికి తగిలిస్తారు, బ్రాకెట్ దేనికి బిగిస్తారు" అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి. "క్వాడ్రంట్‌కే పెట్టేస్తాం" అంటే ఇంకో షాపు చూసుకోండి. బోటు ఎలక్ట్రానిక్స్ సంఘం ఎన్ఎంఈఏ సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ వస్తాడా అనీ అడగండి. పని అయ్యాక కరెంటు ఆపేసి, ఒకరు చక్రాన్ని రెండు వైపులా చివరికంటా తిప్పుతుంటే ఇంకొకరు వెనక మూత తెరిచి టార్చితో చూడాలి. చుక్కాని స్టాపుకి తగలాలి, డ్రైవ్ దేనికీ తగలకూడదు, బ్రాకెట్ వెంట్రుకవాసి కూడా కదలకూడదు. మరీనాలో బటన్ నొక్కి చూపించే డెమోకి విలువ లేదు. గాలి వెనక నుంచి ఉన్న రోజు టెక్నీషియన్‌నే బోటులో ఎక్కించుకుని బేలోకి వెళ్లండి. ఆఖరి వాయిదా ఆ తర్వాతే ఇవ్వండి. అలాంటి షరతుకి ఒప్పుకోని షాపు మీద నాకైతే నమ్మకం లేదు.

టెక్సాస్‌లో 20,000 డాలర్ల లోపు గొడవకి జస్టిస్ కోర్టు అనే చిన్న కేసుల కోర్టుకి వెళ్లొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. మేము కాగితాలు వేశాం. అది తేలేదాకా షాపు పేరు ఇక్కడ రాయను, దయచేసి కామెంట్లలో ఊహించకండి. ఊడిన బ్రాకెట్, క్వాడ్రంట్ రంధ్రం ఫోటోలు ఉన్నాయి. మీ బోటులో ఎలా ఉందో పోల్చి చూసుకోవాలనుకుంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.