కౌంటీ రికార్డు కావాలా? వెబ్‌సైటు, కౌంటరు, పోస్టు, మధ్యవర్తి: ఏది మేలు?

అమెరికాలో ఇల్లు కొన్న కొన్ని వారాలకు మనవాళ్ళలో చాలామందికి ఒక ఉత్తరం వస్తుంది. చూడగానే సర్కారు కాగితంలా ఉంటుంది. మీ పేరు, ఇంటి అడ్రసు, కొన్న తేదీ అన్నీ కరెక్టుగా ఉంటాయి. మీ డీడ్ (ఇంటి హక్కు పత్రం) కాపీ కావాలంటే ఫలానా తేదీలోపు చెక్కు పంపమని, వంద డాలర్లకు కాస్త అటూ ఇటూగా అడుగుతారు. కట్టకపోతే ఇల్లు మన పేరు మీద పడదేమోనని టెన్షన్. నిజానికి ఆ డీడ్ అప్పటికే కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ ఆఫీసులో రికార్డయిపోయింది. ఉత్తరం పంపినవాళ్ళకు మీ వివరాలు దొరికిందీ ఆ పబ్లిక్ రికార్డులోనే. టెక్సస్‌లో కౌంటీ క్లర్క్ దగ్గర మామూలు కాపీకి పేజీకి 1 డాలరు. సర్టిఫై చేసి ఇవ్వాలంటే దానిమీద ఇంకో 5 డాలర్లు. రెండు మూడు పేజీల డీడ్‌కి పది డాలర్లు కూడా దాటవు.

ఒకే కాగితానికి ఇన్ని దారులు, ఇంత తేడా ఉన్నప్పుడు ఏ పనికి ఏ దారి మేలో ముందే తెలిసి ఉండటం మంచిది. ఇక్కడ చెప్పేవన్నీ టెక్సస్ లెక్కలు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎక్కువ కాబట్టి అదే తీసుకున్నాను. ఫీజులు, నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కౌంటీ అనే పేరు కూడా అన్నిచోట్లా ఉండదు. లూసియానాలో వాటిని ప్యారిష్‌లంటారు. కనెటికట్‌లో కౌంటీ ప్రభుత్వాలను 1960లోనే ఎత్తేశారు, అక్కడ ఇంటి కాగితాలు టౌన్ క్లర్క్ దగ్గర ఉంటాయి.

ముందు తేలాల్సింది: ఏ కౌంటీ, ఏ ఆఫీసు

టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. ఊరి పేరు చూసి కౌంటీ ఏదో అనేసుకుంటే కుదరదు. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఒకే ఊళ్ళో ఉండే ఇద్దరు స్నేహితుల డీడ్‌లు రెండు వేరు వేరు ఆఫీసుల్లో ఉండొచ్చు.

ఇక కౌంటీ అంటే ఒకే ఆఫీసు కాదు. డీడ్‌లు, ఇంటి లోన్ కాగితాలు, మ్యారేజ్ లైసెన్సులు, చిన్న వ్యాపారాల పేర్ల నమోదు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. విడాకుల డిక్రీలు, పెద్ద కోర్టు కేసులు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర. ఇంటికి ఈ ఏడాది ఎంత విలువ కట్టారో చెప్పేది అప్రైజల్ డిస్ట్రిక్ట్, అది కౌంటీ ఆఫీసే కాదు, విడి సంస్థ. తప్పు ఆఫీసులో వెతికి "మా రికార్డు లేదట" అని కంగారుపడేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే చాలామంది ఉన్నారు. రికార్డు ఉంటుంది, పక్క ఆఫీసులో.

పెళ్ళి విషయంలో ఇంకో చిక్కు ఉంది. టెక్సస్‌లో ఏ కౌంటీలో తీసుకున్న లైసెన్సుతోనైనా రాష్ట్రంలో ఎక్కడైనా పెళ్ళి చేసుకోవచ్చు. రికార్డు మాత్రం లైసెన్సు ఇచ్చిన కౌంటీలోనే నిలుస్తుంది. డాలస్‌లో లైసెన్సు తీసుకుని, ఆస్టిన్‌లో గుళ్ళో పెళ్ళి చేసుకుంటే, పదేళ్ళ తర్వాత సర్టిఫికెట్ కోసం వెళ్ళాల్సింది డాలస్ కౌంటీకే.

చూసుకోవడానికైతే వెబ్‌సైటే

డీడ్ రికార్డయిందా, పాత లోన్ తీరినట్టు రిలీజ్ కాగితం పడిందా, ఇంటి మీద ఏమైనా లియెన్ (బాకీ కోసం ఇంటి మీద పడే హక్కు) ఉందా అని చూసుకోవడానికి కౌంటీ క్లర్క్ వెబ్‌సైటును మించింది లేదు. టెక్సస్ పెద్ద కౌంటీలు చాలావరకు కాగితాల బొమ్మలు ఉచితంగానే చూపిస్తాయి. అడ్డంగా వాటర్‌మార్క్ ఉంటుంది, అంతే.

మనవాళ్ళకు ఇబ్బంది వెతకడంలో వస్తుంది. ఊళ్ళో ఈసీ తీస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు సర్వే నంబరు మీదో, ఇంటి నంబరు మీదో జరిగిన లావాదేవీలన్నీ వరసగా ఒక కాగితం మీద ఇస్తుంది. కౌంటీ క్లర్క్ అలాంటిది ఇవ్వరు. ఇక్కడి ఇండెక్స్ ప్రధానంగా మనుషుల పేర్ల మీద నడుస్తుంది. ఇచ్చినవారు గ్రాంటర్, పుచ్చుకున్నవారు గ్రాంటీ. మన పేర్లేమో అంత సులువుగా ఒక గడిలో ఇమడవు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద మొదటి పేరు బదులు ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అదే డీడ్ మీదకీ ఎక్కుతుంది. వెంకట సాయి లక్ష్మీ ప్రసన్న లాంటి నాలుగు మాటల పేరులో ఏది ఇంటిపేరో టైపు చేసే మనిషికి తెలియదు. కాబట్టి పేరులోని ఒక్కో మాటనూ ఇంటిపేరు గడిలో పెట్టి చూడండి. దొరక్కపోతే భార్య లేదా భర్త పేరుతో వెతకండి, లేదా మీకు అమ్మినవాళ్ళ పేరుతో. అదీ కాకపోతే సబ్‌డివిజన్ (మీ ఇళ్ళ లేఅవుట్) పేరు, లాట్ నంబరు పెట్టి కొన్న నెలకు తేదీలు కుదించండి. అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటులో అడ్రసు కొడితే యజమాని పేరును వాళ్ళెలా రాసుకున్నారో కనిపిస్తుంది, చాలాసార్లు డీడ్ నంబరు కూడా. నేనైతే ముందు అక్కడ చూసి, తర్వాతే క్లర్క్ సైటుకు వెళ్తాను.

డీడ్ తెరిచి చూసినవాళ్ళు ఆశ్చర్యపోయే సంగతొకటి. ఐదారు లక్షల డాలర్ల ఇల్లు, డీడ్‌లో మాత్రం "పది డాలర్లు, ఇతర విలువైన ప్రతిఫలం" అని రాసి ఉంటుంది. అది మోసం కాదు. టెక్సస్‌లో అమ్మకం ధరను బయటపెట్టాలన్న నియమం లేదు కాబట్టి ఆనవాయితీగా అలా రాస్తారు. కానీ దాని వెనకే రికార్డయ్యే డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లో, అంటే ఇంటి లోన్ తాకట్టు కాగితంలో, లోన్ ఎంతో స్పష్టంగా ఉంటుంది. పక్కింటివాళ్ళు ఎంతకు కొన్నారో అంచనా వేసేవాళ్ళు చూసేది దాన్నే.

వెబ్‌సైటుకు రెండు లోపాలున్నాయి. చాలా పాత కాగితాలు అందులో ఉండకపోవచ్చు, మైక్రోఫిల్మ్ కోసమో పాత పుస్తకాల కోసమో ఆఫీసుకు వెళ్ళాల్సిందే. రెండోది, ప్రింట్ తీసుకున్న కాగితం సర్టిఫైడ్ కాపీ కింద చెల్లదు.

ముద్ర కావాలంటే కౌంటర్

కాగితాన్ని ఇంకో ఆఫీసుకు ఇవ్వాలంటే సర్టిఫైడ్ కాపీ కావాలి. కౌంటీ క్లర్క్ ఆఫీసు గంట దూరంలో ఉంటే నేరుగా వెళ్ళడమే మేలని నా అభిప్రాయం. మ్యారేజ్ లైసెన్స్ కాపీకి పెద్ద తతంగమేమీ ఉండదు. అది పబ్లిక్ రికార్డు. పేర్లు, సంవత్సరం చెబితే స్క్రీన్ మీద వెతికి, ప్రింట్ తీసి, మీ ముందే ముద్ర వేసి ఇస్తారు. ఆ కాగితం మీద వేలు పెట్టి చూస్తే ఉబ్బెత్తుగా తగిలే ముద్ర ఉంటుంది చూడండి, ఇండియాలో ఏ ఆఫీసరైనా ముందు వెతికేది దాన్నే. పేరులో స్పెల్లింగ్ తేడా ఉంటే అక్కడికక్కడే కనిపిస్తుంది, ఎలా సరిచేయించుకోవాలో ఆ మనిషినే అడగొచ్చు. పోస్టులో తెప్పించుకుంటే ఆ సౌకర్యం ఉండదు.

పెళ్ళి, విడాకుల విషయంలో ఆస్టిన్‌లోని రాష్ట్ర వైటల్ స్టాటిస్టిక్స్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టేవాళ్ళున్నారు. అక్కడ వచ్చేది వెరిఫికేషన్ లెటర్ మాత్రమే, సర్టిఫైడ్ కాపీ కాదు. పెళ్ళి కాగితం కౌంటీ క్లర్క్, విడాకుల డిక్రీ డిస్ట్రిక్ట్ క్లర్క్ ఇవ్వాల్సిందే.

బర్త్ సర్టిఫికెట్ సంగతి వేరు. టెక్సస్‌లో పుట్టిన రికార్డు 75 ఏళ్ళు, మరణ రికార్డు 25 ఏళ్ళు గోప్యం. తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మ, నానమ్మలు, తోబుట్టువులు, భార్య లేదా భర్త లాంటి దగ్గరివాళ్ళకే ఇస్తారు, ఫోటో ఐడీ చూపించాలి. లాంగ్ ఫామ్ (పూర్తి వివరాలతో), షార్ట్ ఫామ్ (క్లుప్తంగా) అని రెండు రకాలుంటాయి. ఇండియాలో వాడే పనుంటే లాంగ్ ఫామ్ అడగండి. ఒక దేశం కాగితం ఇంకో దేశంలో చెల్లేలా వేసే ముద్రను అపోస్టిల్ అంటారు, ఇండియా 2005 నుంచి ఆ ఒప్పందంలో ఉంది. టెక్సస్ కాగితానికి ఆ ముద్ర వేసేది ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు, అది కౌంటీ పని కాదు. బీరువాలో ఉన్న పాత సర్టిఫికెట్‌ను పంపేకంటే కొత్తగా సర్టిఫైడ్ కాపీ తీసుకుని పంపడం మేలు.

దూరంలో ఉంటే పోస్టు

టెక్సస్‌లో పెళ్ళి చేసుకుని ఇప్పుడు న్యూజెర్సీలోనో, హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్ళకు ఇదే దారి. క్లర్క్ సైటులో ఫారం ఉంటుంది. దాన్ని నింపి, చెప్పిన పద్ధతిలో ఫీజు జతచేసి పంపాలి. మ్యారేజ్ కాపీకి పెద్దగా అడ్డంకులుండవు. బర్త్ సర్టిఫికెట్‌కు పోస్టులో దరఖాస్తు పెడితే మాత్రం నోటరీ సంతకం కావాలి. దూరాన ఉంటే నోటరీతోనే పని ఆగిపోతుంది. పిల్లల బర్త్ సర్టిఫికెట్ అయితే ఇండియాకు తిరిగి వెళ్ళిపోయే ముందే రెండు మూడు కాపీలు తీసి పెట్టుకోండి.

మధ్యవర్తికి ఎప్పుడు డబ్బివ్వొచ్చు

మధ్యవర్తులందరూ ఒకటి కాదు. కొన్ని రాష్ట్రాలు, కౌంటీలు వైటల్‌చెక్ లాంటి సంస్థతో అధికారికంగా ఒప్పందం పెట్టుకున్నాయి. సర్కారు ఫీజు మీద వాళ్ళ ఛార్జీ, కొరియర్ ఖర్చు పడతాయి, కానీ కాగితం అసలుదే వస్తుంది. తొందరగా కావాలంటే అది సబబే. అయితే ఆ లింకు కౌంటీ సైటులోంచే నొక్కండి. గూగుల్లో మొదట కనిపించే ప్రకటనలను నొక్కితే, ఉచిత ఫారం నింపిపెట్టి డబ్బు గుంజే సైటుకు చేరే అవకాశం ఎక్కువ. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (మనముండే ఇంటికి పన్నులో ఇచ్చే రాయితీ) పేరుతో వచ్చే ఉత్తరాలూ ఈ కోవవే. అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో ఆ దరఖాస్తుకు ఫీజే లేదు.

టైటిల్ కంపెనీ మాత్రం వేరే. ఇల్లు కొనేటప్పుడు వెనకటి రికార్డంతా తవ్వి, టైటిల్ ఇన్సూరెన్స్ ఇచ్చేది వాళ్ళే. టెక్సస్‌లో ఆ ప్రీమియం రేట్లను రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖే నిర్ణయిస్తుంది. "మనమే ఆన్‌లైన్లో చూసుకున్నాం కదా" అని దాన్ని వదులుకోవద్దు. పేర్ల ఇండెక్సులో స్పెల్లింగ్ తేడాతో ఒక లియెన్ తప్పిపోతే నష్టం మన మీదే పడుతుంది.

వెతికితే దొరకని రికార్డులకు రాతపూర్వక అర్జీ

మీ వీధి రోడ్డు కాంట్రాక్టు, కౌంటీ అధికారుల ఈమెయిళ్ళు లాంటివి ఏ ఇండెక్సులోనూ ఉండవు. వాటికి టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ ఉంది. ఫెడరల్ సమాచార చట్టం ఎఫ్‌ఓఐఏ కౌంటీలకు వర్తించదు, అర్జీలో దాన్ని ఉదహరించి లాభం లేదు. కోర్టు కాగితాలకు టెక్సస్ చట్టం కూడా వర్తించదు, అవి ఆయా క్లర్కుల దగ్గరే అడగాలి.

మన ఆర్టీఐతో పోల్చి చూస్తే ఇది కొన్ని విషయాల్లో మెరుగే. ఆర్టీఐ పౌరులకే, గడువు 30 రోజులు. టెక్సస్‌లో పౌరసత్వంతో పనిలేదు, హెచ్1బీ మీద ఉన్నా అడగొచ్చు, ఆ సమాచారం ఎందుకు కావాలని కౌంటీ మిమ్మల్ని అడగకూడదు. (వర్జీనియాలో అలా కాదు. అక్కడ రాష్ట్ర పౌరులకే ఆ హక్కు అన్న నియమాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2013లో సమర్థించింది.) సమాచారం ఇవ్వకూడదని కౌంటీ అనుకుంటే, సాధారణంగా 10 పనిదినాల్లోపు అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి. ఊరికే మూలన పడేయడానికి వీల్లేదు. మామూలు కాగితం కాపీకి పేజీకి 10 సెంట్లు. ఖర్చు 40 డాలర్లు దాటేలా ఉంటే ముందుగా లెక్క రాసి పంపాలి. ఆ లెక్క చూసి భయపడి వదిలేయకండి. తేదీలు కుదించి, ఒక్క కాంట్రాక్టు పేరు మాత్రమే రాసి మళ్ళీ పంపితే ఖర్చు బాగా తగ్గుతుంది.